కమలమూ కాదు, ఎడారి మొక్కా కాదు



ఈ పుటలో ఇంతవరకు ఛందస్సు, వ్యాకరణం, పదాల పుట్టుక తప్ప మరొకటి వ్రాయలేదు. ఈసారి కుండీలలో పెంచే మొక్కల సంగతి వ్రాస్తున్నాను. పంతులుకు వృద్ధాప్యంలో మొక్కల పిచ్చి పట్టిందని మీరు నవ్వుకోవచ్చు. ఆ మాట నిజమే. కాని చివరి దాకా చదివితే ఇది కూడా పదాల సంగతేనని మీకే తెలుస్తుంది.

నేను చెప్పదలచినది ఒక్కటే. పేరు తప్పితే పెంపకం తప్పుతుంది. ఒక మాటను నమ్మి ఒక మొక్కను ఎండబెట్టి చంపాను. మరొక మాటను నమ్మి ఇంకొక మొక్కను నీట ముంచి చంపాను. ఆ రెండవ మాటనే సమర్థించబోయి, తరగతిలో ఒక విద్యార్థిని నోరు మూయించాను. మొదటి రెండు తప్పులూ దిద్దుకున్నాను. మూడవది ఇప్పటికీ అలాగే ఉంది. అందుకే ఈ టపా.

నేను ముప్పై ఏండ్లకు పైగా ఉమ్మడి వరంగల్లు జిల్లాలో తెలుగు పండితుడిగా పని చేశాను. అందులో ఎక్కువ కాలం మానుకోట, భూపాలపల్లి ప్రాంతాలలో గడిచింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఆ రెండు ఊళ్ళూ, మా జనగామా మూడు వేర్వేరు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. మానుకోటను కాగితాల మీద మహబూబాబాద్ అంటారు. నోటి మాటగా మాకు ఇప్పటికీ అది మానుకోటే. 2017లో పదవీ విరమణ చేసి జనగామలో సొంత ఇంటికి చేరుకున్నాను.

మరుసటి సంవత్సరం డిసెంబరులో మా అమ్మాయి హైదరాబాదు నుండి వస్తూ ఒక చిన్న కుండీ తెచ్చింది. బల్లపరుపు ముక్కలు గొలుసుకట్టుగా ఒకదాని కొసన ఒకటి అతుక్కొని, అంచులలో గోళ్ళ వంటి మొనలతో వంగి వ్రేలాడుతున్నాయి. ప్రతి గొలుసు చివరా గాఢమైన గులాబి రంగు పువ్వు. కుండీకి అంటించిన చీటీ మీద "క్రిస్మస్ కాక్టస్" అని ఉంది. కాక్టస్ అన్న మాట చూడగానే నా మనసులో ఇసుక దిబ్బ, ఒంటె, మండుటెండ మెదిలాయి. ఎడారి మొక్కకు నీడ ఎందుకని మేడ మీద పెట్టాను. వారానికి ఒకసారి గుక్కెడు నీళ్ళు పోశాను. ఫిబ్రవరి నాటికి ముక్కలు ఎర్రబారాయి. అది ఎండ దెబ్బ అని తెలియక, మొక్కకు కొత్త రంగు వచ్చిందని మురిసిపోయాను. ఏప్రిల్‌లో ముడుతలు పడింది. మే మొదటి వారానికి వరిగడ్డి అయింది. జనగామ మెట్ట ప్రాంతం. ఇక్కడి మే నెల ఎండకు మేడ మీద ఇటుకలే పెటపెటలాడుతాయి.

మొక్క చచ్చిన తరువాత గాని దాని పుట్టిల్లు ఎక్కడో వెదకాలన్న బుద్ధి పుట్టలేదు. దాని పుట్టిల్లు ఎడారి కాదు. బ్రెజిల్ దేశపు ఆగ్నేయ తీరాన, రియో డి జనేరో, సావో పాలో ప్రాంతాలలో ఉన్న కొండల అడవులు. అక్కడ గాలిలో ఎప్పుడూ తేమ ఉంటుంది. ఈ మొక్కలు నేల మీద పెరగవు. పెద్ద చెట్ల కొమ్మల చీలికలలో, నాచు పట్టిన రాళ్ళ సందులలో, కుళ్ళిన ఆకుల పిడికెడు మట్టిలో వేళ్ళు పెట్టి, ఆకుల నడుమ నుండి జారే పలుచని వెలుతురులో బ్రతుకుతాయి. మనకు ఆకులుగా కనిపించేవి ఆకులు కావు, కాండపు ముక్కలు. పువ్వు గొట్టంలా ముందుకు సాగి ఉండడానికి కారణం, అక్కడ దాని తేనె త్రాగేది హమ్మింగ్ పక్షి కావడం. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభానికే ఈ మొక్క ఇంగ్లండు చేరింది. 1858లో లెమేర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, ఫ్రెడరిక్ ష్లుంబెర్జె అనే ఫ్రెంచి కాక్టస్ సేకర్త పేరు మీద ఈ ప్రజాతికి ష్లుంబెర్జెరా అని నామకరణం చేశాడు. నేను దానిని థార్ ఎడారి బిడ్డగా భావించి మేడ ఎక్కించాను. చీటీ మీది ఒక్క మాట ఎంత పని చేసిందో చూడండి.

ఇక రెండవ మొక్క. దీని సంగతి మీలో చాలా మందికి తెలుసు. తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను ఎన్నో ఇళ్ళ ముందు ఉన్నదే. పొడుగైన పట్టీల వంటి ఆకుపచ్చని కాండాలు, వాటి అంచుల నొక్కుల నుండి వానకాలంలో వంపు తిరిగిన తొడిమతో మొగ్గ, రాత్రి తొమ్మిది పది గంటలకు జానెడు వెడల్పున విచ్చే తెల్లని పువ్వు, వీధంతా సువాసన. తెల్లవారేసరికి వాడి వ్రేలాడుతుంది. దీనిని మనం బ్రహ్మకమలం అంటున్నాం. పువ్వు విచ్చే రాత్రి ఇరుగుపొరుగులను పిలిచి, పసుపు కుంకుమలు వేసి, కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు తీసి అందరికీ పంపుతాం.

పొరుగింటి వారు ఇచ్చిన కాండాన్ని నాటుకున్నాను. కమలం కదా, నీరు ఇష్టపడుతుందని కుండీ క్రింద పళ్ళెం పెట్టి నిండా నీళ్ళు ఉంచాను. శ్రావణం రాకముందే మొదలు మెత్తబడి, గోధుమ రంగుకు తిరిగి, చేత్తో తాకితే ఊడి వచ్చింది. ఇది కూడా కాక్టస్ కుటుంబమే. మెక్సికో, గ్వాటెమాలా అడవులలో చెట్ల మీద పెరిగేదే. శాస్త్రీయ నామం ఎపిఫిల్లం. గ్రీకు భాషలో ఆ మాటకు "ఆకు మీది" అని అర్థం. పువ్వు ఆకు మీదనే పుట్టినట్టు కనిపిస్తుంది గనుక ఆ పేరు. క్రిస్మస్ కాక్టస్‌కు ఇది దూరపు చుట్టం. దాని వేళ్ళకు తేమ కావాలి, నిలువ నీరు మాత్రం విషం. చెట్టు కొమ్మ మీద నీరు ఎక్కడ నిలుస్తుంది?

మరి అసలు బ్రహ్మకమలం ఏది? అది హిమాలయాలలో, సుమారు 3,700 మీటర్లకు పైన, మంచు కరిగిన చరియల మీద పూసేది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అదే. కేదారనాథ ప్రాంతంలో దేవునికి సమర్పించేది అదే. లేత పసుపుతో కూడిన తెల్లని పలుచని రేకుల వంటి పత్రాల నడుమ ఊదారంగు పూల గుత్తి దాగి ఉంటుంది. మరొక విశేషం. అది కూడా కమలం కాదు. అది బంతి, చేమంతి కుటుంబానికి చెందినది. అంటే హిమాలయపు చేమంతికి ఒకరు కమలమని పేరు పెడితే, ఆ పేరును మనం మెక్సికో కాక్టస్‌కు తగిలించాం. నిజమైన తామర మా చెరువులో అలాగే ఉంది పాపం.

ఇక్కడికి వచ్చాక నా మూడవ తప్పు చెప్పక తప్పదు.

అది 2004 వానకాలం. భూపాలపల్లి ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. నేను అద్దెకున్న ఇంటి యజమాని పెంచిన మొక్క ఆ రాత్రి పూసింది. ఉదయం వాడిన పువ్వును కాగితంలో చుట్టి తొమ్మిదవ తరగతికి తీసుకుపోయాను. ఆ రోజు పాఠం పర్యాయపదాలు. పద్మం, కమలం, నళినం, అరవిందం, తామర అని నల్లబల్ల మీద వ్రాసి, ఆ పొట్లం విప్పి, ఇది బ్రహ్మకమలం, హిమాలయాలలో పూసే దివ్యపుష్పం, మన అదృష్టం కొద్దీ ఇక్కడ పూసిందని గంభీరంగా చెప్పాను. మూడవ బెంచీలో నుండి ఒక అమ్మాయి లేచింది. తండ్రి బొగ్గు బావిలో పని చేసేవాడు.

"సార్, హిమాలయాల మంచుల పూసే పువ్వు మన భూపాలపల్లి ఎండల ఎట్ల పూసింది?"

నా దగ్గర సమాధానం లేదు. లేదని చెప్పడం నాకు రాదు. దైవలీల అన్నాను. ఆ అమ్మాయి కూర్చోలేదు. పువ్వును దగ్గరగా చూసి మరొక మాట అన్నది.

"మా పెరట్ల నాగజెముడు పువ్వు గూడ లోపట గిట్లనే ఉంటది సార్."

బ్రహ్మకమలానికీ నాగజెముడుకూ పోలికా, నీకు కళ్ళు ఉన్నాయా అన్నాను. తరగతి అంతా నవ్వింది. ఆ అమ్మాయి తల వంచుకొని కూర్చున్నది. ఆ సంవత్సరమంతా నా గంటలో మళ్ళీ ప్రశ్న అడగలేదు. అప్పుడు నేను దానిని క్రమశిక్షణ అనుకున్నాను.

ఆ అమ్మాయి చెప్పినది అక్షరాలా నిజం. నాగజెముడు కాక్టస్. ఆ తెల్లని పువ్వు కూడా కాక్టస్. లెక్కలేనన్ని రేకులు, వాటి లోపల గుబురుగా కేసరాలు, ఆ గుబురు నడుమ చీలికలుగా విచ్చిన కీలాగ్రం. వృక్షశాస్త్రజ్ఞుడు కుటుంబాన్ని పోల్చుకోవడానికి చూసే గుర్తులను ఆ పిల్ల పెరట్లో చూసి గుర్తుంచుకున్నది. కళ్ళు లేనివాడిని నేను. నా కంటికి అడ్డం వచ్చినది అజ్ఞానం ఒక్కటే కాదు, ఆ పేరులోని వైభవం. బ్రహ్మ అన్నాక, కమలం అన్నాక, ఇంక చూడడమెందుకు అనిపించింది.

ఈ విషయం మానుకోటలో ఉన్న ఒక మిత్రునితో చెప్పాను. ఆయన జీవశాస్త్రం బోధించి విరమించినవారు. "సార్, మీరే గదా యోగం కన్న రూఢి బలమైనదని చెప్పేది? జనమంతా బ్రహ్మకమలం అంటున్నరు. రూఢి అయిపోయింది. ఇంక వాదమెందుకు?" అన్నారు. మంచి ప్రశ్న. పండితుడిని వాడి కత్తితోనే పొడిచే ప్రశ్న. వారం రోజులు ఆలోచించి సమాధానం చెప్పాను. అదే ఇక్కడ వ్రాస్తున్నాను.

పంకజం అంటే బురదలో పుట్టినది. బురదలో నత్త పుడుతుంది, తుంగ పుడుతుంది. అయినా పంకజమంటే తామర ఒక్కటే. దీనిని యోగరూఢి అంటాం. అక్కడ అవయవార్థమూ ఉంది, లోకప్రసిద్ధీ ఉంది. రెండూ కలిసి ఒక వస్తువును చూపుతాయి. పేరుకు ఉన్న పని అదే, వస్తువును చూపడం. బ్రహ్మకమలం అన్న మాట మన పెరటి మొక్కను చూపడం లేదు. దానికి అడ్డంగా నిలబడి వేరొక పర్వతాన్ని చూపుతున్నది.

విదేశీ మొక్కకు దేవుళ్ళ పేరు పెట్టకూడదన్నది నా వాదం కాదు. సీతాఫలం అమెరికా ఖండం నుండి వచ్చినదే. మనవాళ్ళు దానికి సీతమ్మ పేరు పెట్టి ఇంటి పండుగా చేసుకున్నారు. ఆ పేరు అంతకు ముందు మరొక పండుకు ఉండి, దానిని కాజేసి దీనికి పెట్టలేదు. కాబట్టి అందులో మోసం లేదు. బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు పుట్టిల్లు మెక్సికో. గునుగు, తంగేడు పక్కన కూర్చొని అది ఏనాడో మన ఇంటి ఆడపడుచు అయింది. మానుకోట, భూపాలపల్లి చేలలో ఎర్రగా ఎండే మిరపకాయ కూడా అక్కడి నుండి వచ్చినదే. మిరియంలా కారంగా ఉంది గనుక దానికి ఆ పోలికతో పేరు పెట్టుకున్నారు. నాగజెముడు సంగతి ఇంకా ముచ్చటైనది. పాలు కారే బొమ్మజెముడు మన నేల మొక్క, దానికీ కాక్టస్‌కూ చుట్టరికం లేదు. అమెరికా నుండి ముళ్ళ మొక్క ఒకటి వచ్చి చేల గట్లెక్కినప్పుడు మన రైతులు దానిని చూశారు. జెముడులా ఉంది, పట్టా పాము పడగలా ఉంది, నాగజెముడు అన్నారు. పుస్తకం చూడలేదు, మొక్కను చూశారు. పేరు వినగానే రూపం కంటికి కడుతుంది. బమ్మెర పోతన స్వగ్రామంగా ప్రసిద్ధి పొందిన బమ్మెర మా జిల్లాలోనే ఉంది. ఈ నేల మీద పేరు పెట్టే శక్తికి కరవు లేదు. ఆ శక్తిని వాడుకోవడం మనం మానుకున్నాం.

ఈ కమలం మోజు మన ఒక్కరిదీ కాదు. 2021 జనవరిలో గుజరాత్ ప్రభుత్వం డ్రాగన్ ఫ్రూట్‌కు, పండు ఆకారం తామరలా ఉందని చెప్పి, కమలం అని పేరు పెట్టింది. డ్రాగన్ ఫ్రూట్ కూడా కాక్టస్సే, రాత్రి పూసేదే, మన తెల్లపువ్వుకు దగ్గరి చుట్టమే. ఇలా సాగితే కొన్నాళ్ళకు తామరకే వేరే పేరు వెదకవలసి వస్తుంది.

పేరు సరిగ్గా ఉంటే ఒరిగేదేమిటని అడగవచ్చు. నా కుండీలే సాక్ష్యం. మొక్క నిజంగా ఏమిటో తెలుసుకున్న తరువాత మళ్ళీ క్రిస్మస్ కాక్టస్ తెచ్చాను. ఈసారి అది చావలేదు. కాని రెండు చలికాలాలు గడిచినా పూయలేదు. ఆకుపచ్చగా, ఆరోగ్యంగా, మొండిగా కూర్చున్నది. అప్పుడు తెలిసినది దానికి కావలసిన అసలు వస్తువు. అది ఎరువు కాదు, ఎండ కాదు, చీకటి.

1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పొగాకు మొక్కల మీద పరిశోధన చేసి, కొన్ని మొక్కలు పగలు కురచ అయినప్పుడే పూస్తాయని ప్రకటించారు. నిజానికి ఆ మొక్కలు లెక్కించేది రాత్రినే అని తరువాతి వారు కనుగొన్నారు. రాత్రి నడుమ కొంచెం సేపు దీపం వెలిగినా ఆ లెక్క చెడుతుంది. మన చేమంతులు చలికాలం వైపు పూయడానికి కారణం ఇదే. క్రిస్మస్ కాక్టస్ కూడా ఆ కోవలోనిదే. రాత్రి వేళ 16 నుండి 20 డిగ్రీల వేడి ఉన్న చోట దానికి రోజుకు 13 గంటలకు తగ్గని ఎడతెగని చీకటి, సుమారు ఆరు వారాల పాటు కావాలి. రాత్రి 10 నుండి 13 డిగ్రీలకు దిగే చల్లని చోట అయితే ఈ లెక్కతో పెద్దగా పని లేదు. డ్రాగన్ ఫ్రూట్ దీనికి పూర్తిగా విరుద్ధం. వియత్నాం రైతులు కాలం కాని కాలంలో దానిని పూయించడానికి తోటలలో రాత్రంతా బల్బులు వెలిగిస్తారు. ఒకే కుటుంబంలో ఒకరికి దీపం కావాలి, ఒకరికి చీకటి కావాలి. రెండింటికీ కమలమని పేరు పెట్టి ఒకే తీరున చూస్తే ఏది పూస్తుంది?

జనగామ లెక్క చూడండి. ఇక్కడ సంవత్సరంలో అతి దీర్ఘమైన రాత్రి డిసెంబరు మూడవ వారంలో వస్తుంది. అది కూడా 13 గంటలకు నాలుగైదు నిమిషాలు తక్కువే. మానుకోటలోను, భూపాలపల్లిలోను దాదాపు అంతే. అంటే మన ఊళ్ళలో ప్రకృతి ఇచ్చే రాత్రి దానికి చాలదు. ఆ రాత్రిని కూడా మనం ఉంచడం లేదు. నా మొక్క ముందు గదిలో ఉండేది. అక్కడ పదిన్నర దాకా ట్యూబులైటు, టీవీ. ఆ తరువాత కిటికీలో నుండి వీధి దీపం. పాపం ఆ మొక్కకు రాత్రి అయ్యేదే కాదు.

2022లో ఒక నియమం పెట్టుకున్నాను. సద్దుల బతుకమ్మ మరునాటి నుండి సాయంత్రం అయిదు గంటలకు కుండీని వెనుక గదిలోకి చేర్చి, పైన అట్టపెట్టె బోర్లించడం. ఉదయం ఏడు గంటలకు తీయడం. కార్తీక పౌర్ణమి దాటిన తరువాత మరికొన్ని రోజుల దాకా ఇదే పని. పండుగ నాడు కూడా తప్పకూడదు. మా శ్రీమతి మొదట నవ్వింది. మనుమరాలిని నిద్రపుచ్చినట్టు పుచ్చుతున్నారన్నది. మార్గశిరంలో గొలుసుల చివర బియ్యపు గింజంత ఎర్రని మొనలు కనబడ్డాయి. అప్పటి నుండి పెట్టె మూయడం నాకంటె ముందు ఆమెకే గుర్తుండేది. 2023 సంక్రాంతికి ముగ్గుల పక్కన పదకొండు పూలు.

మిగిలిన పెంపకం కష్టమైనది కాదు, అడవి కొమ్మను గుర్తుంచుకుంటే చాలు. ఆకుమట్టి, కొబ్బరిపొట్టు, ముతక ఇసుక, కొన్ని బొగ్గు ముక్కలు కలిపిన తేలిక మట్టి. పై మట్టి వేలికి పొడిగా తగిలినప్పుడు నీరు, కుండీ క్రింద నిలువ నీరు లేకుండా. ఉదయపు లేత వెలుతురు, మధ్యాహ్నపు ఎండ మాత్రం వద్దు. ముక్కలు ఎర్రబారితే వెలుతురు ఎక్కువైందని అర్థం. మొగ్గ మీద ఉన్నప్పుడు చోటు మార్చితే, ఎండగట్టితే మొగ్గలు రాలుతాయి. మన ప్రాంతంలో అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలలు. నేను ఉత్తరపు వసారాలో నీళ్ళ గోలెం పక్కన, నేల మీద ఉంచుతాను. నీటి చలువ, నీడ. ఆ రెండు నెలలు అది పెరగదు, ప్రాణం నిలుపుకుంటుంది. అంతకన్న దానిని అడగడం న్యాయం కాదు.

సేకరణ మోజు గురించి కూడా ఒక మాట. మొదటి పూలు చూసిన గర్వంలో నేను అయిదు రంగుల ముక్కలను దూరం నుండి తెప్పించాను. తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు, ఊదా అన్నారు. రెండేండ్ల తరువాత అయిదూ ఒకే గులాబి రంగులో పూశాయి. కోపం వచ్చింది, తరువాత నవ్వు వచ్చింది. రంగు పేరును కొన్నాను గాని మొక్కను చూసి కొనలేదు. ఇక్కడా అదే పాఠం. నిజంగా భేదం తెలియాలంటే ముక్క అంచు చూడాలి. అంచున పీత గోళ్ళ వంటి వాడి మొనలు ఉంటే అది నవంబరు వైపు ముందుగా పూసే రకం, అమెరికాలో థాంక్స్‌గివింగ్ కాక్టస్ అనేది. అంగడిలో క్రిస్మస్ పేరుతో దొరికేది చాలా వరకు ఇదే, నా మొదటి మొక్కా ఇదే. అంచు గుండ్రని అలలుగా ఉంటే అది అసలు క్రిస్మస్ కాక్టస్. పందొమ్మిదవ శతాబ్ది మధ్యలో ఇంగ్లండులో విలియం బక్లీ అనే తోటమాలి రెండు జాతులను కలిపి సాధించిన సంకరం అది. అంచు గుండ్రంగా ఉండి కొసన సన్నని నూగు ఉంటే అది వసంతంలో నక్షత్రంలా పూసే ఈస్టర్ కాక్టస్. ఈ మూడింటిని కంటితో పోల్చుకోగలవాడు నా దృష్టిలో ముప్పై కుండీలు ఉన్నవాడి కన్న పెద్ద సేకర్త.

కొనవలసిన అవసరం కూడా అంతగా లేదు. రెండు మూడు ముక్కల గొలుసును మెలితిప్పి త్రుంచి, ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, వానకాలం మొదట్లో మట్టిలో గుచ్చితే మూడు నాలుగు వారాలలో వేరు పడుతుంది. నా దగ్గరి నుండి మానుకోట మిత్రునికి ఒక ముక్క వెళ్ళింది. ఆయన నుండి భూపాలపల్లిలోని ఒక పాత సహోద్యోగికి వెళ్ళింది. విత్తనం వల్ల పుట్టినది కాదు గనుక మూడు జిల్లాలలో ఉన్నది మూడు మొక్కలు కావు, ఒకే మొక్క.

మరి ఏమని పిలుద్దాం? క్రిస్మస్ అన్నది చలిదేశపు తేదీ. దాని సొంత గడ్డ బ్రెజిల్‌లో దానిని మేపువ్వు అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. భూగోళం దిగువ భాగంలో చలి మే నెలలో మొదలవుతుంది గనుక అక్కడ అది అప్పుడు పూస్తుంది. అంటే ప్రతి జాతీ తన పంచాంగం చూసి పేరు పెట్టుకున్నది. బదనిక అందామా అనుకున్నాను. కాని బదనిక తాను ఎక్కిన చెట్టు రసాన్ని పీల్చుకుంటుంది. ఇది కొమ్మ మీద కూర్చుంటుందే గాని చెట్టును బాధించదు. చివరికి మానుకోట మిత్రుడే అన్నారు, "మాను మీద ఉండే జెముడు, మానుజెముడు అనరాదా సార్?" అని. పండితుడిని నేను, పేరు పెట్టినది ఆయన. మానుజెముడు అనగానే ఎడారి తొలగిపోతుంది, చెరువూ తొలగిపోతుంది. చెట్టు నీడ, తేలిక మట్టి, జారిపోయే నీరు కంటికి కడతాయి. చలికాలపు మానుజెముడు ఒకటి, రాత్రి పూసే మానుజెముడు ఒకటి. ఇంతకన్న మంచి పేరు మీలో ఎవరికైనా తోస్తే వ్యాఖ్యలలో వ్రాయండి. నా పేరే నిలవాలన్న పట్టు నాకు లేదు. మొక్కను చూసి పెట్టిన పేరు కావాలి, అంతే.

పూజ మానమని నేను అనడం లేదు. ఏడాదికి కొన్ని రాత్రులే, కొన్ని గంటలే విచ్చే పువ్వు ముందు చేతులు జోడించాలనిపించడం మంచి బుద్ధే. మా ఇంట్లో కూడా దీపం పెడతాం. మ్రొక్కడానికి హిమాలయపు ధ్రువపత్రం అవసరం లేదు. మెక్సికో అడవి చెట్టు మీద పుట్టి, సముద్రాలు దాటి, చేతులు మారి, మన వసారాలో అర్ధరాత్రి విచ్చిన పువ్వుకు అబద్ధపు వంశవృక్షం వ్రాయకపోయినా గౌరవం తగ్గదు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడ ఉన్నదో తెలియదు. ముప్పై ఏండ్లు దాటి ఉంటాయి. ఈ పుట ఆమె కంట పడుతుందన్న ఆశ పెద్దగా లేదు. అయినా ఆ ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నాను గనుక వ్రాసి ఉంచుతున్నాను.

అమ్మా, అది హిమాలయాల పువ్వు కాదు. అందుకే మన ఎండలో పూసింది. నీవు చెప్పినట్టే అది నాగజెముడుకు చుట్టం. నీవు సరిగ్గా చూశావు. చూడనిది నేను.